మోగని అలారం: చెన్నై కోల్డ్ స్టోరేజీలో ఐదు చోట్ల తప్పిన పూరకాల లెక్క

నేపథ్యం

ఈ కేసు చెన్నై శివార్లలోని ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌ది. నడిపేది నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. సంస్థనూ మనుషులనూ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. లెక్కలను మాత్రం అలాగే ఉంచాను, ఎందుకంటే ఇందులో నేర్చుకోవలసిందంతా లెక్కల్లోనే ఉంది. పూరకం అంటే ఒక మొత్తంలోంచి ఒకదాన్ని తీసేస్తే మిగిలేది; ఆ మొత్తం ఏదో మరిచిపోతే లెక్క తప్పుతుంది.

గోడౌన్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఫ్రిజ్‌లు 11, మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉండాల్సిన డీప్ ఫ్రీజర్లు 3 ఉన్నాయి. ఒక్కోదానిలో ఉష్ణోగ్రత కొలిచే ఒక డీఎస్18బీ20 సెన్సర్, డేటా తీగకూ 3.3 వోల్టుల సప్లైకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు, బయట దాన్ని చదివే చిన్న కంప్యూటరు లాంటి ఒక ఈఎస్‌పీ32 బోర్డు. ప్రతి 5 నిమిషాలకు ఒక రీడింగు గేట్‌వేకి (అన్ని బోర్డుల రీడింగులనూ అందుకునే పెట్టెకి), అక్కడి నుంచి సర్వర్‌కి వెళ్తుంది. హద్దు దాటితే గేట్‌వేలోని సిమ్ కార్డు నుంచి ఎస్సెమ్మెస్, వెంటనే ఫోన్ కాల్. ప్రతి తలుపు మీదా ఒక ఆర్‌జీబీ ఎల్‌ఈడీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన లైటు): బాగుంటే ఆకుపచ్చ, తేడా వస్తే ఎరుపు. రోజు చివర డేటాబేసు నుంచి ఒక రిపోర్టు.

మొదట్లో ఇదంతా ఆర్డుయినో ఊనో అనే పాత తరహా బోర్డు మీద ఒకే ఒక్క ఫ్రీజర్‌కి నడిచింది, బాగానే నడిచింది. గోడౌన్ పెరిగినప్పుడు అదే ప్రోగ్రామును ఈఎస్‌పీ32 మీదికి మార్చారు. కథ అక్కడ మొదలవుతుంది.

సమస్య

ఒక ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ ఇరుక్కుపోయి కంప్రెసర్ రాత్రంతా ఆగకుండా తిరిగింది. లోపల టీకాల పెట్టెల మధ్య విడిగా పెట్టిన 30 రోజుల లాగరులో (ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసుకునే పరికరంలో) ఉష్ణోగ్రత మైనస్ 1.5 దాకా దిగినట్టు తేలింది. హెపటైటిస్ బి, పెంటావాలెంట్, టీడీ లాంటి టీకాలు వేడికంటే గడ్డకట్టడానికే ఎక్కువ భయపడాలి. ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగించినా పనికిరావు. ఆ ఫ్రిజ్‌లోని సరుకంతా పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఎస్సెమ్మెస్ రాలేదు, కాల్ రాలేదు. మర్నాటి రిపోర్టులో ఆ ఫ్రిజ్ ఎదుట "100 శాతం హద్దుల్లో" అని ఉంది. రాత్రి డ్యూటీ సూపర్‌వైజరు చెప్పిన మాట ఇంకా ముఖ్యం: "ఆ తలుపు లైటు ఇన్నాళ్లూ గులాబీ రంగులో ఉన్నింది సార్. ఆ రాత్రి పచ్చగా మారితే బాగుచేశారేమో అనుకున్నాం. తెల్లారేసరికి మళ్లీ గులాబీ అయిపోయింది."

లాగరు ఒక మాట, రిపోర్టు ఇంకో మాట, లైటు మూడో మాట చెబుతున్నాయి. సెన్సర్ మార్చేసి చేతులు దులుపుకోవడం తేలికే. కానీ ఆ సెన్సరును ఐస్ నీళ్లలో పెడితే 0కి అటూ ఇటూ సరిగ్గానే చూపించింది (ఈ సెన్సర్‌కి మైనస్ 10 నుంచి 85 డిగ్రీల వరకు అర డిగ్రీ తేడా మామూలే). అంటే సెన్సర్ నిజమే చెబుతోంది, తర్వాత ఎవరో దాన్ని తప్పుగా చదువుతున్నారు. అందుకే వైర్లను వదిలి ప్రోగ్రామును పట్టుకున్నాం.

అంతకుముందు చేసిన మరమ్మతులు

ఈఎస్‌పీ32కి మార్చిన రోజే డీప్ ఫ్రీజర్లు 4076 డిగ్రీలు చూపించాయి. ప్రోగ్రాము రాసిన బృందం మొదటి మరమ్మతు: 125 దాటిన ఏ రీడింగైనా సెన్సర్ తప్పు, పారేయండి. సెన్సర్ కొలవగలిగేది మైనస్ 55 నుంచి 125 వరకే కాబట్టి ఈ నియమం చూడ్డానికి సబబుగానే ఉంది. ఫలితం, మూడు ఫ్రీజర్లూ ఖాళీ గీతలు చూపించడం మొదలుపెట్టాయి. అప్పుడు రెండో మరమ్మతు: ఫ్రీజర్లకు మాత్రం బిట్లను తిరగేసి (0ని 1గా, 1ని 0గా మార్చి) మైనస్ గుర్తు తగిలించారు. మైనస్ 20కి దగ్గరగా ఏదో కనబడింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఫ్రిజ్‌లు సున్నా కిందకి ఎలాగూ వెళ్లవని వాటిలో పాత నియమాన్నే ఉంచేశారు.

ఫ్రిజ్ సున్నా కిందకి వెళ్లడమే కదా మనం పట్టుకోవాల్సిన ప్రమాదం! ఆ ఒక్కదాన్నే ఈ నియమం ఏరి పారేస్తోంది.

4076 ఎక్కడి నుంచి వచ్చింది

సెన్సర్ 12 బిట్ల పద్ధతిలో ఒక్కో మెట్టు 0.0625 డిగ్రీలు, అంటే డిగ్రీకి 16 మెట్లు. మైనస్ 20 అంటే మైనస్ 320 మెట్లు. సెన్సర్ దీన్ని 16 బిట్ల టూస్ కాంప్లిమెంట్‌లో (రుణ సంఖ్యను మొత్తంలోంచి తీసేసి రాసే పద్ధతిలో) పంపుతుంది: 65536లోంచి 320 తీసేస్తే 65216. బిట్లలో 1111 1110 1100 0000. ఇక్కడ మొత్తం 65536, అంటే 2 పవర్ 16. "మైనస్ 320" అనే మాటకు అర్థం ఆ మొత్తంతోనే వస్తుంది.

ఊనోలో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లు. సెన్సర్ పంపిన రెండు బైట్లనూ (బైటుకు 8 బిట్లు) కలిపి అందులో వేస్తే పై బిట్ 1 ఉంది కాబట్టి ప్రాసెసరు దాన్ని మైనస్ 320గానే చదివింది. ఈఎస్‌పీ32లో అదే పూర్ణాంకానికి 32 బిట్లు. ఆ రెండు బైట్లూ కింది సగంలో కూర్చున్నాయి, పై 16 బిట్లూ సున్నాలు. మొత్తం 2 పవర్ 32కి పెరిగింది, సెన్సర్‌కి ఆ సంగతి తెలియదు. 65216 అలాగే ధన సంఖ్యగా మిగిలింది. 16తో భాగిస్తే 4076. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు, కింద మొత్తం మారిపోయింది.

బిట్లు తిరగేసిన మరమ్మతు ఎందుకు దాదాపు సరిగ్గా కనబడిందో కూడా చూడాలి. 65216 బిట్లన్నీ తిరగేస్తే 319 వస్తుంది, 320 కాదు. తిరగేయడమంటే 65535లోంచి తీసేయడం; టూస్ కాంప్లిమెంట్ మొత్తం 65536. ఆ ఒకటి కలపలేదు కాబట్టి ప్రతి రుణ రీడింగూ ఒక మెట్టు వెచ్చగా, మైనస్ 20కి బదులు మైనస్ 19.9375గా వచ్చింది. అర డిగ్రీ సహజ తేడా ఉన్న సెన్సర్‌లో 0.0625ని ఏ ఐస్ నీళ్ల పరీక్షా పట్టలేదు. అలాంటి తప్పును తెలిసిన బిట్లు ఇచ్చి మాత్రమే పట్టాలి. తయారీదారు డేటాషీట్‌లోనే పది వరుసల పట్టిక ఉంటుంది: 125, 85, 25.0625, 10.125, 0.5, 0, మైనస్ 0.5, మైనస్ 10.125, మైనస్ 25.0625, మైనస్ 55. ఈ పదింటి బిట్లనూ సెన్సర్ లేకుండానే ప్రోగ్రాముకి తినిపించాం. సున్నా పైవన్నీ సరిగ్గా వచ్చాయి, కిందివి నాలుగూ తప్పాయి.

సవరణ చిన్నది. రెండు బైట్లనూ కలిపి, చుట్టూ బోర్డు ఏదైనా సరే, 16 బిట్ల సంజ్ఞా పూర్ణాంకం (మైనస్ కూడా కాగల పూర్ణాంకం) అని వెడల్పు పేరు పెట్టి మరీ ప్రకటించిన చోట వేయాలి. 4096 తీసేస్తే కూడా మైనస్ 20 వస్తుంది, బృందంలో ఒకరు అదే చాలన్నారు. మేం ఒప్పుకోలేదు. అందులో 4096 ఎందుకో రాసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. వెడల్పు ప్రకటిస్తే మొత్తం ఎంతో ప్రోగ్రాములోనే కనబడుతుంది.

గులాబీ లైటు

ఆ తలుపు మీది ఎల్‌ఈడీ కొన్ని వారాల ముందు పాడైతే చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్ నుంచి తెచ్చిన కొత్తది వేశారు. పాతది కామన్ క్యాథోడ్, కొత్తది కామన్ యానోడ్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు ఒక సంఖ్య ఇస్తాం. మొదటిదానిలో 255 ఇస్తే పూర్తిగా వెలుగుతుంది. రెండోదానిలో 0 ఇస్తే పూర్తిగా వెలుగుతుంది. అంటే ప్రతి రంగు భాగమూ 255లోంచి తీసేసినట్టు వెలుగుతుంది. ఆకుపచ్చ 0, 255, 0. దాని పూరకం 255, 0, 255, మెజెంటా, అదే సూపర్‌వైజరు చెప్పిన గులాబీ. ఎరుపు 255, 0, 0. దాని పూరకం 0, 255, 255, సయాన్, పచ్చనీలం. కాంతి రంగుల్లో ఒకదానికొకటి ఎదురు నిలిచే జంటలు ఇవే, రెండూ కలిస్తే తెలుపు. బిట్లు తిరగేయడమూ రంగు తిరగేయడమూ ఇక్కడ ఒకే లెక్క.

లైటు ప్రోగ్రామును వేరే మనిషి రాశారు, హద్దుల షరతు అందులో సరిగ్గానే ఉంది. ఆ రాత్రి 2 కిందకి దిగినప్పుడు బోర్డు ఎరుపే వేసింది. జనానికి పచ్చగా కనబడింది. సున్నా కిందకి దిగాక రీడింగులు పారేశారు కాబట్టి "ఎరుపు కాదు, కనుక ఆకుపచ్చ" అయింది, అది గులాబీగా కనబడింది. సూపర్‌వైజరు చూసింది చూసినట్టే చెప్పాడు. ఇలాంటి చోట కింది సిబ్బంది మాటను రాసిపెట్టుకోవాలి. లాగరు గ్రాఫు మీద ఆ రంగుల వేళలు పెడితే సరిగ్గా సరిపోయాయి.

ఎల్‌ఈడీని పాత రకంతోనే మార్చాం. బోర్డు ఆన్ అయ్యేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కో సెకను వరసగా వెలిగే పరీక్ష పెట్టాం. తప్పు రకం వేస్తే సయాన్, మెజెంటా, పసుపు వస్తాయి. నీలం రావాల్సిన చోట పసుపు వస్తే చూసినవారెవరైనా ఆగుతారు.

"మరియు", "లేదా"

బాగున్న స్థితి: ఉష్ణోగ్రత 2 లేదా అంతకన్నా ఎక్కువ, మరియు 8 లేదా అంతకన్నా తక్కువ. గేట్‌వే ప్రోగ్రాములో అలారం షరతు ఇలా ఉంది: 2 కన్నా తక్కువ మరియు 8 కన్నా ఎక్కువ. రెండూ ఒకేసారి నిజమయ్యే సంఖ్య భూమ్మీద లేదు. ఆ అలారం పుట్టినప్పటి నుంచీ మోగే అవకాశమే లేదు.

గుర్తులను తిరగేసినవారు మధ్యలోని "మరియు"ను "లేదా"గా మార్చడం మరిచారు. మన మదురైలోనే 1806లో పుట్టిన గణితవేత్త ఆగస్టస్ డి మోర్గాన్ పేరు మీద ఉన్న నియమం చెప్పేది ఇదే: రెండు షరతుల ఉమ్మడి పూరకం, వాటి పూరకాల కలయిక. అంచు కూడా చూడాలి. "2 లేదా ఎక్కువ"కు పూరకం "2 కన్నా తక్కువ", "2 లేదా తక్కువ" కాదు. ఈ సెన్సర్‌లో సరిగ్గా 2.0 అనేది 32వ మెట్టు, రోజుకు ఎన్నోసార్లు వస్తుంది. అంచు రెండు వైపులా పడితే ఒకే రీడింగు బాగున్నదీ అవుతుంది, అలారమూ అవుతుంది.

కాబట్టి "మరియు"ను "లేదా" చేస్తే సరిపోతుందా? ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ కేసులో అన్నిటికన్నా లోతైన గుంట ఇదే. పారేసిన రీడింగు స్థానంలో ప్రోగ్రాము "సంఖ్య కాదు" అనే విలువను ఉంచుతుంది, ప్రోగ్రామర్లు నాన్ అనేది దాన్నే. ఆ విలువతో ఏ పెద్దాచిన్నా పోలిక చేసినా జవాబు అబద్ధమే. అది 2 కన్నా తక్కువా? కాదు. 8 కన్నా ఎక్కువా? కాదు. రెండూ కాదు కాబట్టి అలారం లేదు. అదే షరతును ఇంకోలా రాయండి: "2 నుంచి 8 మధ్య ఉంది అన్నది నిజం కాకపోతే". నాన్ 2 కన్నా ఎక్కువా? కాదు. కనుక మధ్య లేదు. కనుక అలారం. కాగితం మీద సమానమైన రెండు వాక్యాలు ఇక్కడ ఎదురుబొదురుగా నిలుస్తాయి. డి మోర్గాన్ నియమం తప్పలేదు. సంఖ్యారేఖ మీద లేని ఒక సభ్యుడు మొత్తంలోకి వచ్చి చేరాడు, అందువల్ల "2 లేదా ఎక్కువ కాదు" అన్నదీ "2 కన్నా తక్కువ" అన్నదీ ఒకటి కాకుండా పోయాయి.

రెండో రూపాన్నే ఎంచుకున్నాం. తెలియనిది అలారం వైపు పడాలి, బాగున్న వైపు కాదు. పవర్ రాగానే సెన్సర్ ఇచ్చే 85.0నీ, తీగ భూమికి తగిలితే వచ్చే అన్నీ సున్నాల రీడింగునూ తెలియనివిగానే లెక్కించాం. రెండోదాంతో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి: తొమ్మిది బైట్లూ సున్నాలైతే ఈ సెన్సర్ సీఆర్‌సీ (బైట్లు దారిలో చెడలేదని సరిచూసే సంఖ్య) కూడా సున్నాయే, పరీక్ష పాసైపోతుంది.

రిపోర్టులో కనిపించని 87

రిపోర్టు "హద్దుల్లో ఉన్నవి" లెక్కపెట్టలేదు. హద్దు దాటినవి లెక్కపెట్టి, అందిన వాటిలోంచి తీసేసింది. ఆ రోజు ఆ ఫ్రిజ్ నుంచి అందినవి 201, హద్దు దాటినవి (అదే తప్పు షరతుతో) 0. కాబట్టి 201కి 201, నూటికి నూరు.

ప్రతి 5 నిమిషాలకు ఒకటంటే రోజుకు 288 రావాలి. నిజానికి ఆ 201లో 189 బాగున్నాయి, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ 0కీ 2కీ మధ్య పడినవి 12, మిగిలిన 87 జాడే లేదు. 87 అంటే ఏడుంపావు గంటలు, సరుకు గడ్డకట్టింది ఆ వేళల్లోనే.

షరతును సరిచేసినా ఇది తేలదు. డేటాబేసులో ఖాళీ విలువ ఉన్న వరుస "మధ్య ఉన్నవి" అడిగినా రాదు, "మధ్య లేనివి" అడిగినా రాదు. బోర్డులో అలారం వైపు పడిన ఖాళీ ఇక్కడ రెండు వైపులా జారిపోతుంది. గేట్‌వేకి కరెంటే లేకపోతే అసలు వరుసే ఉండదు. అందుకని రావాల్సిన సమయాలన్నీ ముందే నింపిన పట్టిక ఒకటి తయారుచేశాం: ఒక్కో సెన్సర్‌కి 288 గదులు, 14 సెన్సర్లకు రోజుకు 4032. వచ్చిన రీడింగులను దానికి జతచేసి బాగున్నవి, దాటినవి, తెలియనివి అని మూడు వరసలుగా, మూడింటినీ విడివిడిగా లెక్కపెడతాం, తీసివేతతో రాబట్టం. మూడూ కలిపి 288 కాకపోతే రిపోర్టు బయటికి రాదు.

కబురు చేరడం

అసలు ప్రతిపాదన పత్రంలో ఇలా ఉంది: ఎస్సెమ్మెస్ 20లో ఒకసారి తప్పుతుందనుకున్నా, కాల్ 20లో ఒకసారి తప్పుతుందనుకున్నా, రెండూ తప్పేది 400లో ఒకసారి, కాబట్టి 99.75 శాతం సార్లు కనీసం ఒకటి చేరుతుంది. "కనీసం ఒకటి"ని పూరకంతో లెక్కకట్టడం సరైన పద్ధతే. 20ని 20తో గుణించాలంటే మాత్రం రెండు వైఫల్యాలకూ సంబంధం ఉండకూడదు. ఇక్కడ రెండూ ఒకే సిమ్, ఒకే మోడెమ్, ఒకే యూపీఎస్. సిమ్ చస్తే రెండూ చస్తాయి. డిసెంబరు వానల్లో ఈబీ (విద్యుత్ బోర్డు) కరెంటు గంటల తరబడి పోయినప్పుడు ఫ్రిజ్‌లకు ప్రమాదం వచ్చేదీ, యూపీఎస్ ఖాళీ అయ్యేదీ ఒకే వేళకు.

మూడో ఎస్సెమ్మెస్ నంబరు చేర్చుదామన్న ఆలోచనను అందుకే పక్కన పెట్టాం. ఉన్న దారికి విడిగా నిలబడే దారి కావాలి. తలుపు దగ్గర సొంత బ్యాటరీ ఉన్న బజరు పెట్టాం. సర్వర్ వైపు, ఏ బోర్డు నుంచైనా వరసగా మూడు రీడింగులు రాకపోతే, అంటే 15 నిమిషాల మౌనానికి, సర్వరే వేరే లైను మీద యజమానికి కాల్ చేస్తుంది. గేట్‌వే మూగబోయినా ఈ దారి పనిచేస్తుంది.

ఇందులో రెండో రకం పూరకం కూడా ఉంది, అర్థశాస్త్రంలో పెట్రోలూ బండీ అనే జంట లాంటిది. సెన్సరూ, సిమ్ రీఛార్జూ అలాంటి జంట. 14 సెన్సర్ల మీద పెట్టిన డబ్బంతా ఒక రీఛార్జు గడువు మీద ఆధారపడింది. ఆ గడువు చూడటం ఎవరి డ్యూటీలోనూ లేదు. సెన్సర్లను ఎంత మెరుగుపరిచినా జంటలో రెండోది లేకపోతే ప్రయోజనం సున్నా. రీఛార్జును ఏఎంసీ (ఏడాది నిర్వహణ) ఒప్పందంలోకే చేర్పించాం.

హద్దుల విలువలు

ఇంకొక చిన్న పని కూడా చేశాం, ఇక్కడ పూరకం మనకే సాయపడింది. హద్దులు 2, 8 అనేవి బోర్డు మెమరీలో 32, 128 మెట్లుగా ఉంటాయి. పవర్ మధ్యలో పోతే అవి చెడిపోవచ్చు. ఒక్కో విలువ పక్కనే దాని తిరగేసిన విలువనూ రాస్తాం: 32 పక్కన 65503, 128 పక్కన 65407. రెండూ కలిపితే 65535 రావాలి. ఖాళీ మెమరీ అన్నీ ఒకట్లుగానో అన్నీ సున్నాలుగానో ఉంటుంది, రెండూ ఈ పరీక్షలో తప్పుతాయి. టీవీ రిమోట్లలో చాలా వాడే ఎన్ఈసీ పద్ధతి కూడా ప్రతి ఆజ్ఞతో పాటు దాని తిరగేసిన రూపాన్ని పంపి ఇలాగే సరిచూసుకుంటుంది.

అప్పగించేటప్పుడు పెట్టిన పరీక్షలు

సూపర్‌వైజరు సొంతంగా చేయగలిగేలా, మూడు నెలలకోసారి:

సెన్సర్ ప్రోబును ఐస్ నీళ్లలో పెట్టాలి. 2 కిందకి దిగగానే ఎర్ర లైటు, బజరు, ఎస్సెమ్మెస్ మూడూ రావాలి. తర్వాత ఐస్‌లో ఉప్పు కలిపి సున్నా కిందకి దించాలి. రీడింగు మైనస్‌లో కనబడాలి, ఖాళీ గీత రాకూడదు. ఈ రెండో భాగాన్ని వదిలేయడానికి వీల్లేదు, పాత ప్రోగ్రాము మొదటి భాగంలో లైటు వరకు నెగ్గేది.

ప్రోబు తీగ ఊడదీయాలి. బాగుంది అని ఎక్కడ చూపించినా పరీక్ష తప్పినట్టే.

గేట్‌వే ప్లగ్ పీకి 15 నిమిషాలు ఆగాలి. సర్వర్ నుంచి కాల్ రావాలి.

డీఫ్రాస్ట్ విషయం ఒకటి కొంత చర్చకు వచ్చింది. ఫ్రీజర్లను శుభ్రం చేసే రోజున సరుకు వేరేదానిలోకి మారుస్తారు, ఆ రెండు మూడు గంటల రీడింగులను 288లోంచి తీసేయమని యజమాని అడిగారు. తీసేస్తే రోజు రోజుకూ మొత్తం మారుతుంది, ఏ శాతం దేనిలోంచి వచ్చిందో ఆర్నెల్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. 288ని 288గానే ఉంచి "శుభ్రం చేస్తున్నారు" అని నాలుగో వరస పెట్టాం. అందులోకి రీడింగు వెళ్లాలంటే సూపర్‌వైజరు ముందుగా టైము, సరుకు మార్చిన ఫ్రీజర్ నంబరు రెండూ నమోదు చేయాలి.